కొడవలి పట్టిన జమీందారు

టాల్‌స్టాయ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండు. ఛాతీ దాకా పెరిగిన తెల్లగడ్డం, తలకింద దిండుగా పనికొచ్చేంత లావు పుస్తకం. మన క్లబ్బులో ఆయన్ని చదివినవాళ్ళూ ఉన్నారు, చదివామని చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. ఎవరెవరో నేను చెప్పను. ఈ సంచికలో ఆయన జీవితాన్ని ఒకే ఒక్క దారిలో చెప్పుకుంటూ పోదామనుకుంటున్నా. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా పొలంలో ఒళ్ళు వంచి, పని ముగిశాక గట్టు మీద కూలబడినప్పుడు ఒక తృప్తి ఉంటుంది చూడండి, ఆ తృప్తి కోసం ఈ పెద్దమనిషి దాదాపు అరవై ఏళ్ళు వెతుక్కున్నాడు. పని చేయాల్సిన అవసరం ఆయనకి ఒక్కరోజు కూడా లేదు. అయినా చేశాడు. ఆ తృప్తి ఆయనకి దక్కిందా లేదా అన్నదే నా ప్రశ్న.

లియో టాల్‌స్టాయ్ 1828లో, మాస్కోకి దక్షిణాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, తూలా పట్టణం పక్కనున్న యాస్నాయా పొల్యానా ఎస్టేట్‌లో పుట్టాడు. పుట్టుకతోనే కౌంట్, అంటే ప్రభువుల వంశం. రెండేళ్ళు నిండకముందే తల్లి పోయింది. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రీ పోయాడు. మేనత్తల దగ్గర పెరిగాడు. 1844లో కజాన్ యూనివర్సిటీలో చేరాడు. మొదట తూర్పుదేశాల భాషలు, అవి కుదరక లా. 1847లో డిగ్రీ లేకుండానే బయటికొచ్చేశాడు. మన భాషలో డ్రాపౌట్. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఇది చూసి ధైర్యం తెచ్చేసుకోకండి, ఆయన వెనకాల ఎస్టేట్ ఉంది.

ఆ ఏడాదే అన్నదమ్ముల పంపకాల్లో యాస్నాయా పొల్యానా ఆయన వాటాకి వచ్చింది. భూమితో పాటు మనుషులూ వచ్చారు. అప్పటి రష్యాలో పొలం దున్నే రైతులు భూదాసులు. భూమి ఎవరిదో, దాన్ని దున్నే మనిషి కూడా వాళ్ళదే. ఆస్తి ఎంతో చెప్పాలంటే మగ భూదాసుల తలలు లెక్కపెట్టేవారు. టాల్‌స్టాయ్‌కి దక్కిన తలలు మూడు వందలకు పైమాటే. వారంలో దాదాపు సగం రోజులు వాళ్ళు దొర పొలంలో ఊరికే పని చేయాలి, మిగిలిన రోజుల్లో తమకిచ్చిన చెక్క దున్నుకోవాలి. దొరల కాలం నాటి వెట్టి గురించి తాతల నోట విన్న తెలంగాణ మిత్రులకి ఇది వేరే వివరించక్కర్లేదు.

పంతొమ్మిదేళ్ళ కుర్రాడు వీళ్ళ బతుకులు బాగుచేద్దామని దిగాడు. ఇళ్ళు బాగుచేయిస్తానన్నాడు, సాగు మారుద్దామన్నాడు. రైతులు తల ఊపారే గానీ నమ్మలేదు. దొర మంచి మాట చెబుతున్నాడంటే దాని వెనక ఏదో మెలిక ఉండే ఉంటుందని వాళ్ళకి తరాల అనుభవం. ఆ ఓటమిని ఆయన తర్వాత ఒక యువ భూస్వామి కథగా రాసి 1856లో అచ్చువేశాడు. ఈలోపు విసుగెత్తి మాస్కో, పీటర్స్‌బర్గ్‌లలో పేకాటలో పడ్డాడు. 1851లో అన్న నికొలాయ్ వెంట కాకసస్ వెళ్ళి సైన్యంలో చేరాడు, తర్వాత క్రిమియా యుద్ధంలో సెవస్తపోల్ కోటలో ఉన్నాడు. పేకాట మాత్రం వదల్లేదు. ఆయన సైన్యంలో ఉండగానే తాను పుట్టిన పెద్ద ఇల్లు అమ్ముడైపోయింది. కొన్నవాళ్ళు దాన్ని విప్పి, వేరే చోటికి పట్టుకుపోయి కట్టుకున్నారు. ఎస్టేట్ నడిబొడ్డున ఇంటి స్థలం బోసిగా మిగిలింది. టాల్‌స్టాయ్ ఆ తర్వాత బతికిందంతా పక్కనున్న చిన్న భవనంలోనే.

1856లో యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇంకో ప్రయత్నం చేశాడు. ప్రభుత్వం ఎప్పుడో చట్టం తెచ్చేదాకా ఆగడం ఎందుకని, తన భూదాసులకి తానే స్వేచ్ఛ ఇస్తానని, భూమి విషయంలో ఒప్పందం చేసుకుందామని ఊరివాళ్ళని పిలిచి చెప్పాడు. వాళ్ళు ఒప్పుకోలేదు! కొత్త జార్ పట్టాభిషేకం రోజున భూమితో సహా అందరికీ విడుదల ఇచ్చేస్తాడని ఊళ్ళో పుకారు. అది తెలిసే దొర ముందుగా మనతో సంతకాలు పెట్టించుకోవాలని చూస్తున్నాడని వాళ్ళ అనుమానం. ఇచ్చేవాడు నిజంగానే ఇస్తున్నా పుచ్చుకునేవాడు నమ్మలేని పరిస్థితి అది. తప్పు వాళ్ళదని నేను అనుకోను.

మాటలతో వాళ్ళ దగ్గరికి చేరలేకపోయాడు కాబట్టి ఇక పని దారి పట్టాడు. 1858 ప్రాంతంలో నాగలి పట్టడం నేర్చుకున్నాడు. ఎస్టేట్‌లో యూఫాన్ అనే పనివాడు ఉండేవాడు. దున్నేటప్పుడు అతను మోచేతులు రెండు పక్కలకీ చాపి మేడి పట్టే తీరు టాల్‌స్టాయ్‌కి తెగ నచ్చేసింది. అచ్చం అలాగే మోచేతులు చాపి దున్నడం మొదలుపెట్టాడు. అన్న నికొలాయ్‌కి ఇది మంచి కాలక్షేపమైంది. తమ్ముడు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే యూఫాన్ పేరునే క్రియాపదంగా మార్చేసి, ఆ పనిలో ఉన్నాడని చెప్పేవాడట. నవ్వులాటే గానీ అందులో నిజముంది. దున్నడం పుస్తకంలోంచి రాదు, దున్నేవాడి ఒంటిని చూసి మన ఒంటికి నేర్పుకోవాలి. మన వర్క్‌షాప్‌లో ఫైలింగ్ చేసినవాళ్ళకి ఇది తెలుసు. సార్ బోర్డు మీద గీసింది ఒకటి, ల్యాబ్ అసిస్టెంట్ అన్న భుజం కదిలే తీరు ఇంకొకటి. ఆ రెండోదే పని.

1859లో రైతుల పిల్లల కోసం బడి పెట్టాడు. 1861లో రష్యా మొత్తం మీద భూదాస్యం రద్దయింది, రెండు కోట్లకు పైగా మనుషులు ఆస్తి పట్టికల్లోంచి బయటపడ్డారు. కానీ భూమి ఊరికే రాలేదు, దాని వెల ఏళ్ళ తరబడి వాయిదాల్లో కట్టాల్సొచ్చింది. దొరలకీ రైతులకీ మధ్య తగాదాలు తీర్చే మధ్యవర్తిగా టాల్‌స్టాయ్ ఏడాది పాటు పనిచేశాడు. రైతుల పక్షం మొగ్గుతున్నాడని చుట్టుపక్కల దొరలంతా ఆయన మీద కత్తి కట్టారు. 1862లో సోఫియాతో పెళ్ళి. వాళ్ళకి పదమూడు మంది పిల్లలు పుట్టారు, పెరిగి పెద్దయింది ఎనిమిది మంది. 1860లన్నీ యుద్ధము-శాంతి నవలకే సరిపోయాయి. ఆ కొక్కిరిబిక్కిరి రాతని మళ్ళీ మళ్ళీ సాఫుగా ఎత్తి రాసింది సోఫియాయే. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నా, ఎందుకంటే ముందు ముందు ఆమె వైపు నుంచి కూడా ఆలోచించాల్సి వస్తుంది.

ఇక అసలు విషయానికొస్తాను. 1870లలో రాసిన అన్నా కరెనినాలో లెవిన్ అనే భూస్వామి ఉన్నాడు. అతను దాదాపు టాల్‌స్టాయే. మూడో భాగంలో లెవిన్ ఒకరోజంతా కూలీలతో కలిసి గడ్డి కోస్తాడు. రష్యాలో గడ్డి కోసేది మనలా కూర్చునో వంగునో కాదు. పొడుగు కర్రకి బిగించిన పెద్ద వంకీ కొడవలి ఉంటుంది, నిలబడి రెండు చేతులతో దాన్ని పక్కకి ఊపుతూ, ఒకరి వెనక ఒకరు వరసలు వేసుకుంటూ పోతారు. మొదట్లో లెవిన్ బలమంతా చేతుల్లో పెట్టి ఆయాసపడతాడు, వెనకవాళ్ళు నవ్వుకుంటున్నారేమోనని సిగ్గుపడతాడు. కాసేపటికి కొడవలి దానంతట అదే కోస్తున్నట్టు, తను దాని వెంట నడుస్తున్నట్టు అవుతుంది. టైమ్ ఎంతయిందో తెలీదు. మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వెళ్ళాల్సినవాడు, పక్క వరస ముసలాయన నీళ్ళలో రొట్టె నలిపి, ఉప్పేసి పెడితే అక్కడే తిని ఉండిపోతాడు. మన చద్దన్నం లాంటిదే అనుకోండి. ఆ ముసలాయన అంత పనిలోనూ కంటపడిన పుట్టగొడుగుల్ని ముసలామె కోసమని చొక్కాలో వేసుకుంటూ ఉంటాడు. ఈ చిన్న వివరం గడ్డి కోసినవాడికే తడుతుంది, కిటికీలోంచి చూసినవాడికి తట్టదు.

నన్ను ఆపేసింది మాత్రం ఆ అధ్యాయంలో దొర్లే ఒక లెక్క. భూదాస్యం ఉన్న రోజుల్లో ఆ పెద్ద బీడు కోయడానికి ముప్ఫై కొడవళ్ళకి రెండు రోజులు పట్టేదట. ఇప్పుడు నలభై రెండు మంది సాయంత్రం కాకుండానే దాన్ని దాదాపు ముగించేశారు. మనవాళ్ళకి లెక్కలు అలవాటే కదా, వేసి చూడండి. అప్పుడు 60 మనిషి-రోజులు, ఇప్పుడు 42 కూడా నిండలేదు. అదే గడ్డి, అవే కొడవళ్ళు. మధ్యలో మారింది ఒక్కటే, వెట్టి పోయింది. పైగా పొద్దింకా ఉంది కదా, మిట్టమీది బీడు కూడా ఈ రోజే కానిచ్చేద్దామా అని లెవిన్ అడిగితే అలసిపోయినవాళ్ళు కూడా హుషారుగా లేస్తారు. పని అయ్యాక వోడ్కా ఇప్పిస్తారన్న ఆశ కూడా అందులో ఉందనుకోండి, టాల్‌స్టాయ్ అది దాచలేదు. ఒక నవలలో అంకెలు కాబట్టి దీన్ని రీసెర్చ్ పేపర్‌లా చూపించలేను. కానీ వెట్టి చేయించుకున్న ఇంట్లో పుట్టి, తర్వాత కూలీల పక్కన నిలబడి కోసినవాడు ఆ అంకెల్ని ఊరికే వేసి ఉండడని నా నమ్మకం.

అదే సాయంత్రం లెవిన్ చెమటతో, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఇంటికొస్తాడు. పట్నం నుంచి వచ్చిన మేధావి అన్నగారు గదిలో కూర్చుని ఐసు వేసిన నిమ్మకాయ నీళ్ళు తాగుతూ పత్రికలు తిరగేస్తుంటాడు. ఆయన రోజు కూడా బాగానే గడిచింది, చదరంగం లెక్కలు రెండు తెగ్గొట్టాడు. ఇద్దరూ ఆ రోజుతో సంతోషంగానే ఉన్నారు. కానీ ఒకరి సంతోషం ఇంకొకరికి అర్థం కాదు.

నాకు లెవిన్ సంతోషం అర్థమైంది. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. నాన్న మూడెకరాలు కౌలుకి చేస్తాడు. ఇప్పుడు కోత మిషన్ దిగితే గంటల్లో పని అయిపోతోంది గానీ, నేను ఇంటర్‌లో ఉండగా ఒక ఏడాది చేను పడిపోయి, నీళ్ళు నిలిచి, మిషన్ దిగే వీల్లేకుండా పోయింది. చేత్తోనే కోశారు. పనలు ఆరీ ఆరకముందే మళ్ళీ మబ్బు పట్టింది. ఇంటిల్లిపాదీ, ఇంకో ఆరుగురు కూలీలూ కలిసి కట్టలు కట్టి, మోసి, కుప్ప వేశాం. చివరి కట్ట పైకి అందించేసరికి మసక చీకటి. కాలవలో కాళ్ళు కడుక్కుంటుంటే భుజాలు మంట, అరచేతులు చీరుకుపోయాయి, మెడ నిండా నుసి దురద. అయినా ఆ పూట వచ్చినంత నిద్ర నాకు మళ్ళీ రాలేదు. ఈ రాత్రి వాన పడినా గింజ తడవదు అన్న సంగతి బుర్రకి కాదు, ఒంటికి తెలిసింది. కోడ్ రన్ అయినప్పుడూ సంతోషమే, కాదనను. కానీ అది ఇలా కాళ్ళలోంచి పైకి రాదు.

అయితే మర్నాడు పొద్దున్నే నాన్న మొదట కట్టిన లెక్క కౌలు బస్తాలది. కూలీలకి ఇచ్చేది పోగా, కౌలు పోగా, మిగిలేదెంత. రాత్రి ఒంట్లో ఉన్న తృప్తి ఆ లెక్క దగ్గర కాస్త వాడిపోవడం ఆయన ముఖంలో చూశాను. చేసిన పని మనదే, చేను మాత్రం మనది కాదు. టాల్‌స్టాయ్ పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. చేను ఆయనదే, పని మాత్రం ఇంకొకరిది. తమాషా ఏమిటంటే ఇద్దరి తృప్తికీ గండి పడేది ఒకే చోట.

యాభై ఏళ్ళు వచ్చేసరికి ఆయనకి ఆ గండి కనబడింది. పేరు, డబ్బు, పిల్లలు అన్నీ ఉండి, ఎందుకు బతుకుతున్నానన్న ప్రశ్న పట్టుకుంది. 1882 జనవరిలో మాస్కో జనాభా లెక్కల్లో స్వచ్ఛందంగా చేరి, కావాలని పేదల సత్రాలుండే వాడని అడిగి తీసుకున్నాడు. అక్కడ చూసింది ఆయన్ని వదల్లేదు. కొన్నేళ్ళు కూర్చుని, అయితే మనమేం చేయాలి అన్న ప్రశ్న మీద పెద్ద పుస్తకమే రాశాడు. డబ్బు దానం చేస్తే సరిపోదని, ముందు ఇంకొకళ్ళ వీపు మీంచి దిగాలని, మన పని మనం చేసుకోవాలని అందులో తేల్చాడు. మాస్కో ఇంట్లో నీళ్ళు తనే తోడి తెచ్చేవాడు, కట్టెలు కొట్టేవాడు. చెప్పులు కుట్టేవాడి దగ్గర కూర్చుని బూట్లు కుట్టడం నేర్చుకున్నాడు. కవి మిత్రుడు ఫేత్‌కి ఒక జత కుట్టిచ్చి, నిఖార్సయిన పనివాడిలా డబ్బులు కూడా పుచ్చుకున్నాడు.

ఆ పుస్తకంలోనే రోజుని నాలుగు పూటలుగా విడగొట్టాడు. గుర్రాన్ని బండికి పూన్చి మళ్ళీ విప్పేదాకా ఒక పూట ఉంటుంది కదా, ఆ మాటే వాడాడు. మొదటి పూట ఒంటికి చెమట పట్టే పొలం పని. రెండో పూట వేళ్ళతో చేసే చేతిపని. మూడో పూట బుద్ధితో పని. నాలుగో పూట మనుషులతో గడపడం. ఒంటి పని చేస్తే రాత పాడైపోతుందని భయపడ్డాడట గానీ, ఎంత ఒళ్ళు వంచితే బుర్ర అంత చురుగ్గా ఉందని తేల్చుకున్నాడు. మన టైమ్ టేబుల్‌లో మూడో పూట ఒక్కటే ఎనిమిది పీరియడ్లూ ఆక్రమించేసింది. నాలుగో పూటని ఫోన్ తినేస్తోంది. మిగిలిన రెండింటి ఊసే లేదు.

1887 ఆగస్టులో చిత్రకారుడు రేపిన్ యాస్నాయా పొల్యానా వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ టాల్‌స్టాయ్ ఎర్రటి ఎండలో ఒక పేద విధవరాలి పొలం దున్నుతుంటే, ఆరు గంటల పాటు ఆగకుండా చాలు వెంట చాలు వేస్తుంటే, ఆయన స్కెచ్చులు వేసుకున్నాడు. దాన్నుంచి వచ్చిన బొమ్మ ఇప్పుడు మాస్కోలో త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. వెతికి చూడండి. ముందు తెల్లగుర్రానికి నాగలి, వెనక ఇంకో గుర్రానికి గడ్డలు చితికే పళ్ళ చట్రం, మధ్యలో తెల్ల టోపీతో ముసలాయన. ముఖంలో మహాత్ముడి కళ ఏమీ లేదు. దున్నేవాడి ముఖమే. ఆ ముందటేడు, 1886లో, ఇలాంటి పనిలోనే కాలికి దెబ్బ తగిలి, పట్టించుకోకపోవడంతో అది విషమించి వారాల తరబడి మంచాన పడ్డాడు కూడా.

ఇక్కడ సోఫియా వైపు చూద్దాం. ఇంత గొప్ప రచయిత నవలలు మానేసి కట్టెలు కొట్టడం, బూట్లు కుట్టడం ఆమెకి మింగుడు పడలేదు. అవి చేసేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది, నవల రాసేవాడు ఇంకొకడు లేడు. పైగా ఆయన పొలంలో ఆత్మశాంతి పొందుతుంటే పిల్లల చదువులు, జబ్బులు, ఎస్టేట్ పద్దులు, పుస్తకాల ప్రచురణ అన్నీ ఆమె నెత్తిమీద పడ్డాయి. ఆమె రోజుకి ముగింపు లేదు. కోసిన గడ్డి కళ్ళముందు వరసగా పడి ఉంటుంది, ఇంటి పని సాయంత్రానికి కనబడకుండా పోయి పొద్దున్నే మళ్ళీ మొదటికొస్తుంది. పని ముగించిన తృప్తి గురించి మాట్లాడేటప్పుడు, ముగియని పని చేసేవాళ్ళని మర్చిపోతే ఆ మాటకి విలువ లేదని నాకనిపిస్తుంది. కుప్ప వేసిన రోజు మేమంతా పడి నిద్రపోయాం. అమ్మ మాత్రం అన్నం వండింది.

1886లోనే ఆయన రెండు చిన్న కథలు అచ్చువేశాడు. ఒకటి మనలో చాలామంది వినే ఉంటారు, మనిషికి ఎంత నేల కావాలన్న కథ. పహోమ్ అనే రైతు పొద్దు పొడిచినప్పట్నుంచి పొద్దుగూకే దాకా ఎంత నేల చుట్టి వస్తే అంతా తనదే అన్న బేరం కుదుర్చుకుని, పరిగెత్తి పరిగెత్తి, చివరికి ఆరడుగుల గోతిలో పడుకుంటాడు. అతనూ రోజంతా ఒళ్ళు హూనం చేసుకున్నాడు, కానీ అతని రోజు ఒక పనిగా ముగియలేదు. గడ్డి కోసేవాడికి బీడు అంచు కనబడుతుంది, అక్కడ ఆగుతాడు. ఆశకి గట్టు లేదు. రెండోది వెర్రి ఇవాన్ కథ. ఇవాన్ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. భోజనాల బల్ల దగ్గర అరచేతులు చూస్తారు. కాయలు కాసిన చేతులైతే కూర్చోవచ్చు, లేకపోతే మిగిలింది తినాలి. మన మెస్సులో ఈ రూల్ పెడితే నాతో సహా ఎంతమంది కూర్చుంటారో చూడాలి.

ఎవరి తిండి వాళ్ళు తమ చేతులతో పండించుకోవాలన్న మాట ఆయన సొంతం కాదు. సైబీరియాలో బోందరెవ్ అనే రైతు రాసుకున్నది చదివి, దాన్ని తలకెత్తుకుని ప్రచారం చేశాడు. ఆ మాటే గాంధీజీ దాకా వచ్చింది. ఇద్దరి మధ్యా 1909, 1910లలో ఉత్తరాలు నడిచాయి. 1910లో దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ దగ్గర మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన సుమారు 1100 ఎకరాల తోటకి గాంధీజీ టాల్‌స్టాయ్ ఫామ్ అనే పేరు పెట్టారు. సత్యాగ్రహుల కుటుంబాలు అక్కడ ఇళ్ళు తామే కట్టుకున్నారు, తోటపని చేశారు, చెప్పులు కుట్టారు. పనివాళ్ళు లేరు. అక్కడ గుజరాతీలు, తమిళులతో పాటు ఆంధ్రదేశం నుంచి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారని గాంధీజీ రాసుకున్నారు. యాస్నాయా పొల్యానాలో మొదలైన చాలు మనవాళ్ళ చేతుల మీదుగా కూడా సాగిందన్నమాట.

మళ్ళీ రష్యాకి వెళ్దాం. 1891లో కరువొచ్చింది. టాల్‌స్టాయ్ రియజాన్ ప్రాంతంలోని బెగిచెవ్కా చేరి, కూతుళ్ళతో కలిసి ఊరూరా గంజి కేంద్రాలు పెట్టించాడు. రెండేళ్ళు ఆ పనే. అప్పటి పత్రికలకి రాస్తూ ఆయన తేల్చింది ఒకటే, రైతు ఆకలితో ఉండటానికి కారణం మనం మరీ ఎక్కువ తినడమే అని. ఆ రోజుల్లోనే, 1881 తర్వాత రాసిన పుస్తకాల మీద హక్కులు వదిలేసుకున్నాడు. 1892లో ఆస్తి కూడా వదిలేశాడు. కానీ రైతులకి కాదు, భార్యాబిడ్డలకి పంచాడు. యాస్నాయా పొల్యానా సోఫియాకీ చిన్న కొడుక్కీ వెళ్ళింది.

ఇక్కడే ఆయన తృప్తికి పడ్డ గండి పూడకుండా ఉండిపోయింది. పొలంలో చెమటోడ్చి ఇంటికొస్తే తెల్ల తొడుగులు వేసుకున్న పనివాళ్ళు వడ్డించేవారు. ఎస్టేట్ అడవిలో కట్టె, గడ్డి ఊరివాళ్ళు ఎత్తుకెళ్ళకుండా సోఫియా గుర్రం మీద తిరిగే కాపలావాణ్ణి పెట్టింది. చివరి ఏళ్ళలో ఆ కాపలావాడు, ఒకప్పుడు తన పక్కన పనిచేసినవాళ్ళని కూడా పట్టుకుంటుంటే టాల్‌స్టాయ్ చూడలేక ఏడ్చేవాడు. ఆ గడ్డి ఆయన వాళ్ళతో కలిసి కోసిన గడ్డే. కోసేటప్పుడు పక్కపక్క వరసలు, సాయంత్రమయ్యాక ఒకరు దొర, ఒకరు దొంగ.

1910 నవంబరులో, 82 ఏళ్ళ వయసులో, ఒక రాత్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. దారిలో జబ్బుపడి అస్తాపొవో అనే చిన్న రైల్వేస్టేషన్లో, స్టేషన్ మాస్టర్ ఇంట్లో, 20వ తేదీన పోయాడు. యాస్నాయా పొల్యానా అడవిలో, చిన్నప్పుడు అన్న నికొలాయ్ మనుషులందరినీ సుఖపెట్టే రహస్యం రాసిన పచ్చకర్రని పాతిపెట్టానని కథలు చెప్పిన చోటే ఆయన్ని పూడ్చారు. శిలువ లేదు, రాయి లేదు, పేరు లేదు. గడ్డి మొలిచిన మట్టిదిబ్బ, అంతే.

ఆయన రోజు అక్కడితో ముగియలేదు. చిన్న కూతురు అలెగ్జాండ్రా పేర ఆయన వీలునామా ఉంది. చనిపోయాక అచ్చయిన ఆయన పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో ఆమె తల్లి దగ్గరా అన్నల దగ్గరా యాస్నాయా పొల్యానా భూమిలో చాలా భాగం కొని, 1913లో ఆ ఊరి రైతులకి ఇచ్చేసింది. 1856లో ఇస్తానంటే వాళ్ళు నమ్మని భూమి, యాభై ఏడేళ్ళ తర్వాత వాళ్ళ చేతికొచ్చింది. దాన్ని కొన్నది నాగలి పట్టిన చేతుల సంపాదన కాదు, కలం పట్టిన చేతుల సంపాదన. ఈ విషయంలో సోఫియా చెప్పిందీ కొంత నిజమే అయింది.

మొదట్లో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. ఒళ్ళు అలిసిన తృప్తి టాల్‌స్టాయ్‌కి దక్కింది, అందులో అనుమానం లేదు, లేకపోతే ఆ గడ్డికోత అధ్యాయం రాయలేడు. కానీ రాత్రికి కూడా నిలిచే తృప్తి ఉండాలంటే అలిసిపోవడం ఒక్కటే చాలదు. పని ఇష్టంతో చేసింది కావాలి, చేసినవాడికి అందులో వాటా ఉండాలి. ఈ రెండూ ఉన్నచోట 60 రోజుల పని 42లో అవుతుంది. రెండోది లేనిచోట, మంచి పంట వచ్చిన ఏడాది కూడా మనిషి గట్టు మీద కూర్చుని బస్తాలే లెక్కపెట్టుకుంటాడు.

రేపు మనలో కొందరం కోత మిషన్లు డిజైన్ చేస్తాం, కొందరం నీటి పంపులకి సెన్సార్లు పెడతాం. నడుం నొప్పి తగ్గించే ప్రతి యంత్రానికీ నేను దండం పెడతా, వంగి కోసినవాడెవడూ దాన్ని తక్కువ చేయడు. కాకపోతే స్పెసిఫికేషన్లు రాసేటప్పుడు గంటకి ఎన్ని ఎకరాలు అన్న గడి పక్కన ఇంకో గడి గీసుకుందాం. సాయంత్రానికి మిగిలింది ఎవరి వాటా అని. టాల్‌స్టాయ్ జీవితమంతా నింపడానికి ప్రయత్నించింది ఆ గడినే.